అవ్వ అలికిన బండలు

మొన్న ఒక అమ్మాయి మా తాత కట్టించిన ఇల్లు కొలవడానికి వచ్చింది. హైదరాబాదులో ఇళ్ళ నిర్మాణం గురించి చదువుతోందట. వికారాబాదులో నన్ను కారెక్కించుకుని తాండూరు తీసుకుపోయింది. ఆ ఇంటి తాళంచెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంటుంది కనుక నేను లేనిదే పని జరగదు. పొద్దున్నుంచీ టేపు పట్టుకుని గోడల మందం, కమాన్ల ఎత్తు రాసుకుంది. "ఇది ఏ శైలి అంటారు మేడమ్?" అని అడిగింది. "మా తాత శైలి" అన్నాను. పాపం, అదే రాసుకోబోయి ఆగింది. చివరికి వెనక భవంతిలోకి వచ్చి నేల మీద గొంతుక్కూర్చుని అరచేత్తో బండను నిమిరింది. "ముందు హాల్లో బండలన్నీ అరిగిపోయాయి, గీతలు పడ్డాయి. ఇక్కడివి మాత్రం నిన్న మొన్న పరిచినట్టున్నాయి. తర్వాత మార్చారా?" అంది. మార్చలేదు తల్లీ, అన్నీ ఒకే మేస్త్రీ ఒకే ఏడాదిలో పరిచినవే అన్నాను. మరి ఎలా అంది. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి ఆమె గడియారం చూసుకుంది. వినే ఓపిక లేనివాళ్ళు ప్రశ్నలు అడగకూడదని నా అభిప్రాయం. అందుకే ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్ళ కోసం.

తాండూరులో పాత ఊరు వేరు, స్టేషన్ పక్కన పేట వేరు. పాత ఊరు ఎవరు కట్టారో నాకు తెలియదు గానీ పేట పెట్టింది మాత్రం మా తాత మల్కప్ప. ఇది చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. ఆయన పుట్టింది బొంరాస్‌పేట దిక్కున, గొర్రెలు కాసుకునే ఇంట్లో. మందను తోలుకుంటూ ఇటు వచ్చినప్పుడు, గడ్డి కూడా సరిగా మొలవని ఒక బీడులో గొర్రెలు నడుస్తుంటే డెక్కల కింద టకటకమని చప్పుడయ్యేదట. కట్టెతో గీకి చూస్తే జానెడు మన్ను కింద బండ. దాని కింద ఇంకో బండ. జొన్నరొట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉన్న ఆ రాయిని చూసి, గొర్రెలన్నీ అమ్మేసి ఆ బీడు కొన్నాడు. అందరూ నవ్వారట. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ బండలు రైలెక్కి హైదరాబాదుకు పోయాయి, గుల్బర్గాకు పోయాయి, ఎవరెవరి మేడల్లోనో పరుచుకున్నాయి. తాత స్టేషన్ దగ్గర బావి తవ్వించాడు, ఎడ్లబండ్లు ఆగడానికి జాగా వదిలాడు, దుకాణం పెట్టుకుంటానని వచ్చిన ప్రతివాడికీ స్థలం చూపించాడు. కన్నడం మాట్లాడే నూనె వ్యాపారులు, ఉర్దూ మాట్లాడే బట్టల వ్యాపారులు, కందులు తెచ్చే మన రైతులు అంతా అక్కడ చేరారు. పేట నిలబడ్డాక, దాని నడుమ తన ఇల్లు కట్టాడు.

ఆ ఇంటికి నక్షా ఎవరూ గీయలేదు. తాత నేల మీద బొగ్గుతో గీసేవాడు, లాలప్ప అనే రాతిపని మేస్త్రీ కట్టేవాడు, నచ్చకపోతే తాత మళ్ళీ పీకించేవాడు. ముందు ఐదు కమాన్లు, వాటి వెనక వచ్చినవాళ్ళు కూర్చునే పెద్ద హాలు, దివాన్‌ఖానా. గోడలు రెండు మూరల మందం, గానుగలో ఆడించిన డంగుసున్నంతో కట్టినవి. మేడ మీదికి మెట్లు ఆ గోడ మందంలోనే దాచారు. చిన్నప్పుడు మేము గోడలోకి దూరి పైన తేలేవాళ్ళం. పైకప్పుకు టేకు దూలాలు చాలవని, రైల్వేవాళ్ళు తీసిపారేసిన పాత పట్టాలు కొని అడ్డంగా వేయించాడు. పట్టాల మీద బండలు, బండల మీద సున్నం, మన్ను. "నా ఇంటి మీదికెంచి రైలు పోయినా ఏం గాదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కిటికీలకు రంగుటద్దాలు బొంబాయి నుంచి తెప్పించాడు. మధ్యాహ్నంపూట దివాన్‌ఖానాలో కూర్చున్న పెద్దమనుషుల తెల్ల తలపాగాల మీద ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు పడుతుండేవి. వాళ్ళ ఇనుప నాడాలు కొట్టిన చెప్పులు, చేతికర్రలు, సరుకు చూపించడానికి ఈడ్చుకొచ్చిన బస్తాలు, వీటికే అక్కడి బండలు అరిగాయి.

కానీ తాత ప్రాణమంతా పెట్టి కట్టింది వెనక భవంతిని. నడుమ ఆకాశం కనిపించే చౌకం, నాలుగు వైపులా రాతి స్తంభాలు, చుట్టూ వంటిల్లు, గదులు. ఇంటి ఆడవాళ్ళ బతుకంతా అక్కడే. అక్కడి నేలకు ఒక పసుపు బండ, ఒక నీలం బండ మార్చి మార్చి పరిపించాడు. ఇసుక, నీళ్ళు పోసి రాతితో రాయిని రుద్ది రుద్ది మొహం కనిపించేదాకా లాలప్ప వదల్లేదట. గృహప్రవేశం నాడు మా అవ్వ నాగమ్మ, అంటే మా నాయిన తల్లి, పాలకుండ పట్టుకుని తడికాళ్ళతో ఆ నేల మీద అడుగుపెట్టింది. పెట్టీ పెట్టగానే జర్రున జారి, పేట పేటంతా చూస్తుండగా వెల్లకిలా పడింది. కుండ పగిలింది, పాలు పారాయి. తాత నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. మర్నాడు పొద్దున్నే అవ్వ కొంగు బిగించి రెండు గంపల పెండ తెప్పించి, నీళ్ళల్లో కలిపి, ఆ అద్దంలాంటి నేలనంతా అలికి పారేసింది. మా దిక్కున పేడను పెండ అంటాం. తాత నెత్తి కొట్టుకున్నాడట. "నీ రాయి నా కాలు పట్టుకోలే. నా పెండ పట్టుకుంటది" అందట అవ్వ. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం అలుకుడే.

నాకు ఊహ తెలిసేసరికి ఆ నేల బండ అనే సంగతి ఒక మాటగానే ఉంది, కళ్ళతో చూసినవాళ్ళం లేము. మా నాయిన కూడా అలికిన నేల మీదే పుట్టి పెరిగాడు. శుక్రవారం పొద్దున అవ్వ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పెండలో ఉండలు లేకుండా చేత్తో పిసికి, కుడిచేయి అర్ధచంద్రంలా తిప్పుతూ, వెనక్కి జరుగుతూ జరుగుతూ గడప దాకా వచ్చేది. ఆరాక అంచులకు ఎర్రటి జాజు పూసి, సుద్దతో ముగ్గు వేసేది. పచ్చి అలుకు వాసన, వంటింటి పొగ, కాగుతున్న జొన్న అంబలి, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తాతదీ తక్కువ పంతం కాదు. గురువారం సాయంత్రం భోజనానికి కూర్చునేముందు చేతికర్ర ములికితో నేలను గీకి, ఒకే ఒక్క బండ బయటపెట్టుకుని దాని మీద పీట వేసుకునేవాడు. "హైదరాబాద్ల నవాబుల ఇండ్లల్ల నా బండ తళతళ మెరుస్తున్నది. నా ఇంట్లనే దానికి మొహం లేదు" అనేవాడు. "మెరిసేటిది కావాల్నంటే ఆడికే పో, ఎవరొద్దన్నరు?" అని అవ్వ రొట్టె విసిరినట్టు వడ్డించేది. తెల్లారితే ఆ ఒక్క బండా మళ్ళీ అలుకు కిందికి పోయేది. పోలీసు చర్య అయిన కొన్ని నెలలకు తాత కన్నుమూశాడు. అవ్వ పదకొండు రోజులు గది గడప దాటలేదు, పన్నెండోనాడు లేచి అలికింది. అప్పుడు మాత్రం అలుకుతూ ఏడ్చింది. నేను చూశాను.

ఇక నా సంగతి. నేను ఏడో తరగతి పాసయ్యేసరికి తాండూరులో ఆడపిల్లలకు ఆ పైన బడి లేదు. మగపిల్లల హైస్కూలుకు పంపడం నాయినకు ఇష్టం లేదు, వికారాబాదులో హాస్టల్లో వేయడం అమ్మకు ఇష్టం లేదు. నాకు చదువు తప్ప ఇంకేదీ ఇష్టం లేదు. అప్పుడే రూతమ్మ అనే పంతులమ్మ మా పేటకు వచ్చింది. పరిగి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే క్రైస్తవుల ఇంటి పిల్ల, కష్టపడి చదివి టీచరైన మనిషి. సొంత కట్టడం చూపిస్తే ఆడపిల్లల హైస్కూలు ఇస్తామని పైవాళ్ళు అంటున్నారని, పేటలో అంత పెద్ద ఇల్లు మాదొక్కటేనని నాయినతో చెప్పింది. నాయిన భవంతి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే, అవ్వ కూడా వెంటనే ఒప్పుకుంది. "పిల్లలొస్తె ఇల్లు నిండుతది. పెట్టుకోండ్రి" అంది.

ఇల్లు చూడడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. అవ్వ సంబరం అంతా ఇంతా కాదు. సర్కారు మనిషి వస్తుంటే నేల బాగుండాలని మూడు రోజుల ముందే మొదలుపెట్టింది. ఒక అలుకు కాదు, మూడు అలుకులు, ఒకటి ఆరాక ఒకటి. అంచులకు జాజు రెండు వరసలు. నడుమ తాబేలు ముగ్గు, తామర ముగ్గు, చుట్టూ గొలుసు. ఆయన వచ్చాడు. పెద్దమనిషే, చెప్పులు గడప అవతలే విప్పాడు. కమాన్లు చూసి మెచ్చుకున్నాడు, పైకప్పు కింద రైలు పట్టాలు చూసి మరీ మెచ్చుకున్నాడు. భవంతిలోకి వచ్చి కాలి బొటనవేలితో నేలను ఒకసారి నొక్కి చూసి కాగితం మీద ఏదో రాశాడు. నాయిన కంగారుపడి, "కింద మంచి బండ ఉన్నది సార్. మా అమ్మ పైన అలికింది, గంతే" అన్నాడు. ఆయన తల ఊపాడు. "ఉండొచ్చు. నాకు కనిపించేది రాయాలె గదా. కిందున్నది నేనెట్ల రాస్త?" అన్నాడు. ఇది కచ్చా నేల అని, నెల రోజుల్లో పక్కా నేల చూపించకపోతే ఈ బడి ఇంకో ఊరికి పోతుందని కూడా చెప్పి వెళ్ళాడు. తలుపు వెనక నిలబడ్డ అవ్వకు ఆ మాటలన్నీ వినిపించాయి. "కచ్చా అన్నడా? మీ తాత కట్టిన ఇంటిని కచ్చా అన్నడా?" అని ఊగిపోయింది. ఆమె అందంగా అలకబట్టే ఆయన అలా రాశాడని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అలుకు తీసేయమని అవ్వను రూతమ్మ అడగలేదు, పరాయి మనిషి. అమ్మ కోడలు, నోరెత్తే ప్రశ్నే లేదు. నాయిన సంగతి సరేసరి, తల్లి ముందు నిలబడితే ఆయనకు పదేళ్ళే. చివరికి నేనే పోయాను. నాకు కోపం ఎక్కువ, అడగడం కూడా అడిగినట్టు రాదు. "అవ్వా, ఆ పెండంతా గీకించెయ్యి. బడి పోతుంది" అన్నాను. అవ్వ వక్క కత్తిరించడం ఆపలేదు. "మీ తాత ముప్పయ్యేండ్లు అడిగిండు. ఆయనకే ఇయ్యలే. నువ్వడిగితే ఇస్తనా?" అంది. "బండ మీద ముగ్గు నిలవది, చలికాలం బాలింత కాలు పెట్టలేదు. గది ఇల్లెట్లయితది? గోదామైతది" అంది. ఇంకా ఏదో అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకంటే నీకు పెండే ఎక్కువైంది. ఉంచుకో" అనేసి వచ్చేశాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను, కానీ అన్నాను. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు, నేనూ అన్నం దగ్గర తప్ప ఆ ఛాయలకు పోలేదు.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే అవ్వ పెండ కలిపి, అంతవరకు ఎవరికీ ఇవ్వని ఆ చట్టిని నా ముందు పెట్టింది. "ఇంక బడి లేదు గదా. ఇంట్లనే ఉంటవ్. నేర్చుకో" అంది. అది కోపంతో అందో, నిజంగా నేర్పాలనే అందో నాకిప్పటికీ తెలియదు. నేను లంగా ఎగ్గట్టి కూర్చున్నాను. ఆమె చెయ్యి చూసి చూసి ఉన్నదాన్నేమో, నా చెయ్యి దానంతట అదే అర్ధచంద్రంలా తిరిగింది. వెనక్కి జరుగుతూ, అలుకుతూ, ముక్కు చీదుకుంటూ పోతున్నాను. కన్నీళ్ళు పెండలో పడుతున్నా చెయ్యి ఆపలేదు, ఆపితే ఓడిపోయినట్టు అనిపించింది. సగం భవంతి అయ్యేసరికి అవ్వ నా చేతినే చూస్తోంది. నా వయసులోనే ఆమె ఈ పేటకు కాపురానికి వచ్చింది. ఒక్కసారిగా లేచి నా మణికట్టు పట్టుకుంది. "చాలు, ఆపు" అంది. ఆగాను. "నాకంటె మంచిగ అలుకుతున్నవ్ పోరీ" అంది. అని నా చెయ్యి తన కొంగుతో తుడిచింది, ఒక్కొక్క వేలూ విడిగా. "గిదొక్కటే వచ్చేటట్టున్నది నీకు. వద్దు బిడ్డా. నాకొస్తె సాలు" అంది. తర్వాత గడప దాకా పోయి నాయినను కేకేసింది: "లాలప్పను పిలిపియ్యి."

లాలప్ప అప్పటికే ముసలివాడు. వచ్చి, వేలిగోరుతో మూలన గీకి చూసి, "రెండు వేళ్ళ మందం పేరుకున్నది వదినా" అన్నాడు, తన రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపిస్తూ. ఇనుము తగలనివ్వనని పట్టుబట్టాడు. పార వద్దు, గడ్డపార వద్దు, నీళ్ళు పోసి నానబెట్టి కట్టె చెక్కలతో గీకమన్నాడు. నాతో ఏడో తరగతి చదివిన పిల్లలంతా వచ్చారు. ఆరు రోజులు గీకాం. గీకిన పెండ బండికెత్తి పొలానికి తోలారు. అవ్వ గడప మీద మాకు వీపు పెట్టి కూర్చుంది, ఒక్కసారీ తిరగలేదు. నాలుగోనాడు చౌకం దగ్గర మొదటి వరస పూర్తిగా బయటపడింది. పసుపు, నీలం, పసుపు. లాలప్ప తడిబట్టతో తుడిచి కళ్ళు ఒత్తుకున్నాడు. "వదినా, గీత గూడ పడలే. పెండ కిందుండి మంచిగ దాసుకున్నది" అన్నాడు. అప్పుడు లేచి వచ్చింది అవ్వ. స్తంభం పట్టుకుని ఒక కాలు పెట్టింది. లాలప్ప చెయ్యి చాపాడు, "పైలం వదినా, ఇంకా జారుతది." ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. రెండో కాలు కూడా పెట్టి నిలబడి, కిందికి చూసింది. "ముసలోడు గెలిచిండు. పోయినంక గెలిచిండు" అంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియని గొంతు. ఆ నేల ఎంత బాగుందో ఆమెకూ అప్పుడే తెలిసిందనుకుంటాను. చెప్పుకోవడానికి ఆయన లేడు.

ఇన్‌స్పెక్టరు గడువు లోపలే మళ్ళీ వచ్చాడు. భవంతి గడప దగ్గరే ఆగిపోయాడు. "ఇంత మంచి ఫర్ష్ పెట్టుకొని ఎందుకు దాసిండ్రమ్మా?" అని తలుపు వైపు చూసి అడిగాడు. పరాయి మగవాడి ముందుకు ఎన్నడూ రాని అవ్వ బయటికి వచ్చింది. "దాసలే సారూ. అలికిన" అంది. ఆయన రాసుకుని వెళ్ళాడు. బడి వచ్చింది. అవ్వ తన పెట్టె, పరుపు తీసుకుని పశువుల కొట్టం పక్కన మట్టినేల ఉన్న చిన్న గదిలోకి మారింది. ఎవరు చెప్పినా వినలేదు. శుక్రవారాలు అక్కడ అలుక్కునేది. మా బడి గంట కొట్టగానే గుమ్మంలో కూర్చుని లెక్కలు, చరిత్ర అన్నీ వినేది. నేను అప్పజెప్పేటప్పుడు ఒక ముక్క మరిచిపోతే అక్కడినుంచే అరిచేది.

అప్పటి రోజులే బంగారమనేవాళ్ళను చూస్తే నాకు చిరాకు. ఇప్పుడు తాండూరులో, వికారాబాదులో ఆడపిల్లలకు ఎన్ని కాలేజీలో! ఇంటి ముందుకే బస్సులొచ్చి ఎక్కించుకుపోతున్నాయి. ఒక ముసలమ్మ తన నేల వదులుకుంటే తప్ప ఆడపిల్ల ఎనిమిదో తరగతికి పోలేని కాలం ఏం గొప్ప కాలం? ఆ కాలం పోయినందుకు నాకు ఏ బాధా లేదు. కానీ ఇప్పుడు చదువుతున్న పిల్లలకు తమ కోసం ఎవరు ఏం వదులుకున్నారో కనిపించదు. మాకు కనిపించేది. రోజూ దాని మీదే కూర్చునేవాళ్ళం.

నేను ఆఖరి తరగతిలో ఉండగా, చలికాలంలో, అవ్వ పడక పట్టింది. నాలుగో రోజు పొద్దున చేయి చూసిన వైద్యుడు ఇక దించుకోమన్నాడు. మా దిక్కున పోయే ప్రాణాన్ని మంచం మీద ఉంచరు, అలికిన నేల మీద పడుకోబెడతారు. కొట్టం పక్క గది ఇరుకు, నలుగురు నిలబడే జాగా లేదు. భవంతిలోకి తీసుకురమ్మన్నాడు నాయిన. బడి నడుస్తోంది. రూతమ్మ టీచర్ పాఠం ఆపింది. ఉత్త రాతి మీద ఆమెనెట్లా పెడతామని నేను గొణిగాను. ఎవరు ముందు లేచారో తెలియదు. పుస్తకాలు గోడ పక్కన పెట్టి నలభై మందిమి కొట్టంలోకి పరుగెత్తాం. చేతుల్లో ఎంత పడితే అంత పెండ తెచ్చాం. రూతమ్మ టీచర్ కొంగు నడుముకు దోపి మా మధ్యే కూర్చుంది. "మా అమ్మ ఇల్లు గూడ నేనే అలికేదాన్ని" అంది. తడి చేతులతో వెనక్కి జరుగుతూ జరుగుతూ పసుపు బండలు, నీలం బండలు అన్నీ కప్పేశాం. అవ్వను చాప మీద పెట్టి దించారు. ఆమె కళ్ళు తెరవలేదు గానీ, చాప దాటి పడిన కుడిచేయి పచ్చి అలుకును తాకి, వేళ్ళు కొద్దిగా కదిలాయి. ఉండ తగిలిందేమో, దాన్ని చిదిమాయి.

పొద్దు గుంకకముందే పోయింది. మర్నాడు శవం లేచాక ఆచారం ప్రకారం ఇల్లు కడగాలి. ఆ మరునాడు బడి ఉంది, బడి కోసమైనా కడగాలి. నీళ్ళు పోసి, కట్టె చెక్కలతో గీకి, ఆమె చెయ్యి పడ్డ చోటు కూడా నేనే కడిగేశాను. నేల ఆరగానే అందరం వచ్చి కూర్చున్నాం. రూతమ్మ టీచర్ ఎక్కడ ఆపిందో అక్కడినుంచే పాఠం మొదలుపెట్టింది.